అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటే అమెరికా ట్యాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపించవచ్చా?

మీరు చెప్పిన వివరాలివి: అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద 2024లో 150 రోజులు, 2025లో 170 రోజులు మీ దగ్గర ఉన్నారు. నాన్నగారికి నెలకు 45 వేల రూపాయల పెన్షన్, అమ్మగారికి ఆదాయం లేదు. మీరు నెలనెలా డబ్బు పంపుతున్నారు. 2025 రిటర్న్‌లో నాన్నగారిని పెట్టడం కుదరదు. అమ్మగారి విషయం మాత్రం లెక్క వేసి చూడాల్సిందే.

డబ్బు పంపుతున్నాం కాబట్టి డిపెండెంట్లే అనుకుంటారు మనవాళ్లు చాలామంది. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ముందు చూసేది వేరు. ఆ మనిషి అమెరికా సిటిజనో, పన్ను లెక్కలో ఇక్కడి రెసిడెంటో, లేదంటే కెనడాలోనో మెక్సికోలోనో ఉండేవారో అయి ఉండాలి. గ్రీన్‌కార్డు లేని మన పెద్దవాళ్లకు రోజుల లెక్క ఒక్కటే దారి. ఈ ఏడాది ఉన్న రోజులన్నీ, పోయినేటి రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏటి రోజుల్లో ఆరో వంతు కలిపితే కనీసం 183 రావాలి. ఈ ఏడాది 31 రోజులకు తగ్గకూడదు. మీకు 170కి 50 కలిపి 220 వచ్చింది కాబట్టి ఇది దాటారు. మొదటిసారి వచ్చి ఆరు నెలల లోపే వెళ్లిపోయిన వాళ్లకు దాటదు.

మా అమ్మ విషయంలో నేను ఐ-94 సైట్‌లో (అమెరికాలోకి వచ్చిపోయిన రికార్డులు ఉండే ప్రభుత్వ సైట్) ఆవిడ రాకపోకల వివరాలు తీసి, పాస్‌పోర్టులో స్టాంపుల పక్కన పెట్టి తేదీలు సరిచూసుకున్నాను. విమానం దిగిన రోజు, తిరిగి ఎక్కిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఆ ఏడాది ఆవిడ పేరు పెట్టగలిగాను. తర్వాతి ఏడాది మోకాళ్ల నొప్పులతో అమ్మ రాలేదు. మందులకు, ఇంటి ఖర్చుకు ఎప్పటికంటే ఎక్కువే పంపాను, అయినా పెట్టడానికి వీల్లేకపోయింది. మనసుకు కష్టంగా ఉంటుంది గానీ రూలు అంతే.

తర్వాత ఆదాయం. 2025కి డిపెండెంట్ స్థూల ఆదాయం 5,200 డాలర్ల లోపు ఉండాలి. రెసిడెంట్ అయ్యాక ఇండియాలో వచ్చేది కూడా లెక్కే. నాన్నగారి పెన్షన్ ఏడాదికి 5 లక్షల 40 వేలు, డాలరుకు 85 వేసుకున్నా 6,300 దాటుతుంది. అమ్మగారి పేరు మీద ఎఫ్‌డీలు ఉంటే వాటి వడ్డీ కూడా చూడండి.

అసలు చిక్కు పోషణ దగ్గర వస్తుంది. అమ్మగారి ఏడాది ఖర్చులో సగానికి పైగా మీరే పెట్టి ఉండాలి. ఊళ్లో ఇల్లు నాన్నగారి పెన్షన్‌తో నడుస్తుంటే ఆ భాగం ఆయన పెట్టిన ఖర్చు కిందే లెక్కకొస్తుంది. మీ వైపు నుంచి ఇక్కడ మీ ఇంట్లో ఆవిడ వాటాకు వచ్చే అద్దె విలువ, తిండి, మెడికల్ ఇన్సూరెన్స్ ప్రీమియం, మందులు, మీరు పంపినదాంట్లో ఆవిడకు ఖర్చయినది వేసుకోండి. కాగితం మీద రాసి, బ్యాంకు రసీదులు దగ్గర పెట్టుకోండి. అత్తమామలకూ ఇవే రూల్స్.

ఇన్ని చేస్తే వచ్చేది మనిషికి 500 డాలర్ల క్రెడిట్. కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది అంతే, పన్ను లేకపోతే చేతికి రాదు. "పేరెంట్స్‌ను కూడా వేసేస్తాం, రిఫండ్ పెరుగుతుంది" అని రోజులు కూడా అడగకుండా చెప్పే ప్రిపేరర్లు మన సర్కిల్‌లో ఉన్నారు. వాళ్ల మాట నమ్మి సంతకం పెట్టొద్దు. రేపు నోటీసు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. రెసిడెంట్ అయిన పెద్దవాళ్లకు ఇండియాలో బ్యాంకు ఖాతాలు, ఎఫ్‌డీలు కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే వాళ్ల పేరు మీద ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే రిపోర్టు) ఫైల్ చేయాలి. మీరు డిపెండెంట్‌గా చూపించినా చూపించకపోయినా ఇది ఉంటుంది. ఆ ఏడాది 183 రోజుల లోపు ఉండి, ఇల్లూ బంధాలూ ఇండియాలోనే ఉన్నాయని ఫారం 8840 వేస్తే నాన్‌రెసిడెంట్‌గా ఉండిపోవచ్చు. కానీ అప్పుడు డిపెండెంట్‌గా పెట్టలేరు. నాన్నగారికి మటుకు ఈ ఫారం గురించి సీపీఏను (లైసెన్సు ఉన్న అకౌంటెంట్‌ను) తప్పక అడగండి.

అమ్మగారి లెక్క కుదిరితే ఐటీఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు రాని వాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చే పన్ను నంబరు) కోసం డబ్ల్యూ-7 ఫారం రిటర్న్‌తో జత చేసి గడువులోగా పంపాలి. ఒరిజినల్ పాస్‌పోర్టు పోస్టులో పంపకండి, తిరిగొచ్చేదాకా ఆవిడ ప్రయాణం ఆగిపోతుంది. ఐఆర్ఎస్ గుర్తింపు ఉన్న సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్లు ఉంటారు. నేను వెళ్లిన ఆయన పాస్‌పోర్టు చూసి సర్టిఫై చేసి అక్కడే చేతికిచ్చేశారు. అమ్మగారు ఇక్కడ ఉండగానే ఆ పని పెట్టుకోండి.