బ్లాక్‌జాక్‌లో చిన్న జతలు వస్తే ఎప్పుడు విడగొట్టాలి?

రెళ్లు, మూళ్లు జతగా వస్తే విడగొట్టాలా, అంటే ఇంకో అంతే పందెం పెట్టి రెండు వేరు ఆటలుగా ఆడాలా, కలిపే ఆడాలా అని అడిగారు. 21 దాటకుండా పంచేవారికంటే ఎక్కువ తెచ్చుకోవడమే ఈ ఆట. ముందు మీ బల్ల దగ్గర, విడగొట్టిన తర్వాత పందెం రెట్టింపు చేసి ఇంకొక్క ముక్క మాత్రం తీసుకోనిస్తారో లేదో అడగండి. రెట్టింపు చేయనిస్తే, పంచేవారి తెరిచిన ముక్క 2 నుంచి 7 వరకు ఏదైనా నిశ్చింతగా విడగొట్టండి. చేయనివ్వకపోతే 4 నుంచి 7 వరకే.

ఇది నాకు తెలియక కాదు, తెలిసే పోగొట్టుకున్నాను. లాస్ వేగస్‌లో ఫ్రీమాంట్ వీధి, 15 డాలర్ల బల్ల. పక్కన మా తోడల్లుడు. నాకు రెండు మూళ్లు వచ్చాయి, పంచే ఆవిడ ముందు ఐదు. ఇంకో 15 తీసి మొదటి బిళ్లల మీదే పెట్టాను. ఆవిడ ఏమీ అనకుండా వాటిని పక్కకు జరిపింది. అక్కడ మీద కాదు, పక్కన పెట్టాలి. మా తోడల్లుడు గుండె పట్టుకున్నాడు. "జత విరగ్గొడతారా అన్నయ్యా?" సంక్రాంతికి ఊళ్లో పదమూడు ముక్కలాట ఆడి పెరిగినవాడు, అక్కడ జత అంటే మూడో ముక్క కోసం ప్రాణంలా దాచుకునేది. ఆ బుద్ధితో ఇక్కడ కూర్చుంటే ఎలా?

మొదటి మూడు మీద మళ్లీ మూడే పడింది. మళ్లీ విడగొట్టాను. ఒక దాని మీద పది, ఒక దాని మీద ఎనిమిది, ఇంకో దాని మీద తొమ్మిది. మధ్యది 11 కదా, రెట్టింపు చేశాను. తొమ్మిది పడి 20 అయింది. బల్ల మీద నావి 60 డాలర్లు. ఆవిడ మూసిన ముక్క తిప్పింది: పది. ఆ పైన ఆరు. మొత్తం 21. నా మూడు ఆటలూ ఒక్క చేత్తో ఊడ్చేసింది.

అయినా సరే, చేసింది తప్పు కాదు. ఐదు చూపించినప్పుడు పంచేవారు వందకు 40 పైచిలుకు సార్లు 21 దాటి ఓడిపోతారు. పందెం పెంచాల్సింది అప్పుడు కాక ఇంకెప్పుడు? 1956లోనే అమెరికా సైన్యంలోని నలుగురు చేతి లెక్కల యంత్రాలతో ఎప్పుడు ఏం చేయాలో లెక్కగట్టి ఒక గణాంకశాస్త్ర పత్రికలో వేశారు. ఆ పట్టికలు కాసినో దుకాణాల్లోనే అట్టముక్కల మీద అమ్ముతారు, బల్ల దగ్గర చూసుకున్నా కాదనరు. కొనుక్కోవడానికి మనవాళ్లకు నామోషీ.

చిన్న జతలన్నీ ఒకటే అనుకోకండి. ఐదులను ఎన్నడూ విడగొట్టకూడదు. చేతిలో ఉన్నది 10, పంచేవారికి 2 నుంచి 9 వరకు ఏది ఉన్నా రెట్టింపు చేయండి. నాలుగులను, విడగొట్టాక రెట్టింపుకు వీలుంటే, 5, 6 ఎదుటే విడగొట్టండి.

అసలు దోపిడీ జతల్లో లేదు. బ్లాక్‌జాక్‌కు, అంటే మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ ముక్క కలిసి 21 వస్తే, 3కి 2 (రెండు డాలర్ల పందేనికి మూడు) బదులు 6కి 5 ఇచ్చే బల్లలున్నాయి. ఆ రాత్రి నేను బల్ల దగ్గర్నుంచి లేచాక మా తోడల్లుడు వెళ్లి అలాంటి దాని ముందే కూర్చున్నాడు. ఆసు, రాజు పడ్డాయి. 15కు 22.50 రావాల్సిన చోట 18 చేతిలో పెట్టారు. అవి జేబులో వేసుకుని, హోటల్ గది దాకా నాకు మూళ్ల గురించి పాఠం చెబుతూనే నడిచాడు.