రోజూ నీళ్లు పోస్తున్నా పీస్ లిల్లీ వాలిపోతుంటే

రోజూ పొద్దున గ్లాసెడు నీళ్లు పోస్తున్నా పీస్ లిల్లీ ఆకులు పసుపుబారి వాలిపోతున్నాయని, పూలు ఆగిపోయాయని అడిగారు కదా. ముందు ఆ రోజువారీ గ్లాసు ఆపేయండి. హన్మకొండలో మా అపార్ట్‌మెంట్ హాల్లో ఆరేళ్లుగా ఈ మొక్క పెంచుతున్నాను. మొదటిదాన్ని నీళ్లు పోసి పోసి చంపుకున్నాను.

అది ఆగస్టు. వారం రోజులుగా ముసురు. ఎండాకాలపు అలవాటు కొద్దీ దినం తప్పి దినం పోస్తూనే ఉన్నాను. ఆకులు వాలితే దాహమనుకుని ఇంకో చెంబు పోశాను. చివరికి కుండీలోంచి తీసి చూస్తే మురుగు వాసన. ఒక వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పైతొక్క జారి వచ్చేసి, లోపల సన్నటి దారం మిగిలింది. తడి ఆరని మట్టిలో గాలి ఆడక వేర్లు కుళ్లిపోతాయి. కుళ్లిన వేరు చుట్టూ నీళ్లున్నా తాగలేదు. అందుకే ఈ మొక్క దాహమైనా వాలుతుంది, నీళ్లెక్కువైనా వాలుతుంది. వేలు రెండో గణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా ఉంటే దాహమే, నీళ్లు పోసిన కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. తడిగా ఉంటే మాత్రం చుక్క పోయొద్దు.

నేనిప్పుడు కుండీ ఎత్తి చూస్తాను. నీళ్లు పోసిన రోజు బరువు చేతికి గుర్తుంటుంది. తేలికైందనిపిస్తేనే పోస్తాను. పోసినప్పుడు అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోసి, పావుగంట ఆగి కింది ప్లేట్లో చేరిన నీళ్లు పారబోస్తాను.

మాది ఎనిమిదంగుళాల ప్లాస్టిక్ కుండీ. ఎండలు 43, 44 డిగ్రీలకు పోయినప్పుడు రెండు మూడు రోజులకోసారి పోయాల్సి వస్తుంది. మట్టి కుండీ అయితే ఇంకా త్వరగా ఆరుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం నల్లా తిప్పితే డాబా మీది ట్యాంకులోంచి కాగిన నీళ్లొస్తాయి, అవి పోయకండి. పొద్దున్నే పోసేయండి. మిరుగం దాటి వానలు పట్టాక వారానికోసారి, చలికాలంలో పది రోజులకోసారి చాలు. ఇవి మా ఇంటి లెక్కలు. మీ ఇంట్లో ఏసీ గదిలోనో ఫ్యాను కిందో ఉంటే మారతాయి, కాబట్టి క్యాలెండర్ కంటే కుండీ బరువునే నమ్మండి.

ఆకుల కొసలు ఎండి, మట్టి మీద తెల్లటి పొర కడుతోందంటే మీవి బోరు నీళ్లయి ఉండొచ్చు. రాత్రంతా బకెట్లో పెట్టినా అందులోని ఉప్పు పోదు. వానాకాలం బాల్కనీ అంచున బకెట్లు పెట్టి వాన నీళ్లు పట్టుకుంటాను. రెండు నెలలకోసారి ఆ నీళ్లు ధారాళంగా పోస్తే మట్టిలోని ఉప్పు కొట్టుకుపోతుంది.

పూల సంగతి వెలుతురుది. మా మొక్క టీవీ పక్క మూలలో ఉన్నన్నాళ్లూ ఒక్కటీ పూయలేదు. తూర్పు కిటికీకి రెండడుగుల దూరంలోకి జరిపాక పూసింది. నేరుగా ఎండ తగిలితే ఆకులు మాడతాయి, జాగ్రత్త.

ఇవాళే మొక్కను కుండీలోంచి తీసి చూడండి. మెత్తబడిన వేర్లన్నీ శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కాస్త ఇసుక కలిపిన కొత్త మట్టిలో చిన్న కుండీలో నాటండి. గట్టిగా, తెల్లగా ఉన్న వేర్లు కొన్ని మిగిలినా తేరుకునే అవకాశం ఉంది. కొత్త ఆకు వచ్చేదాకా ఎరువు వేయకండి.