ఈగర్ టు హెల్ప్, ఈజీ టు హెల్ప్: ఒకేలా ఉన్నా అర్థం ఎందుకు మారుతుంది?

‘రవి ఈజ్ ఈగర్ టు హెల్ప్’, ‘రవి ఈజ్ ఈజీ టు హెల్ప్’ రెండూ పైకి ఒకటే అచ్చు, కానీ మొదటిదాంట్లో సాయం చేసేది రవి, రెండోదాంట్లో సాయం అందుకునేది రవి. తేడా తెచ్చేది మధ్యలోని విశేషణమే. ఈగర్, విల్లింగ్, రిలక్టెంట్ లాంటివి మనిషి మనసు గురించి చెప్తాయి, కాబట్టి ‘టు’ తర్వాతి పనికి అతనే కర్త. ఈజీ, హార్డ్, టఫ్, ఇంపాజిబుల్ ఆ పని ఎలాంటిదో చెప్తాయి, అందుకే ముందున్న పేరు ఆ పనికి కర్మ అవుతుంది.

అనుమానం వస్తే ‘ఇట్’తో తిప్పి చూడండి. ‘ఇట్ ఈజ్ ఈజీ టు హెల్ప్ రవి’ చక్కగా కుదురుతుంది, ఈగర్ పెడితే ఆ అర్థం రాదు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే: ‘రేపు రావడం నాకు కష్టం’ అనడానికి ‘ఐ యామ్ డిఫికల్ట్ టు కమ్’ అనేస్తారు, ‘ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మీ టు కమ్’ అనాలి. అలాగే ‘దిస్ బుక్ ఈజ్ హార్డ్ టు రీడ్’ దగ్గర ఆపేయాలి, చివర మళ్లీ ‘ఇట్’ తగిలించకూడదు, ఎందుకంటే ‘రీడ్’ తర్వాత కర్మ ఉండాల్సిన ఆ ఖాళీ ముందే వచ్చేసిన బుక్‌దే. కానీ ‘దిస్ చెయిర్ ఈజ్ కంఫర్టబుల్ టు సిట్ ఆన్’లో ‘ఆన్’ మాత్రం వదలకండి, కూర్చునేది దాని మీదే కదా.