గట్టు దిగి చూడు, తల్లీ

చిన్నీ,

నువ్వు వ్యవసాయ శాస్త్రం డిగ్రీలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పటి నుంచి కనబడ్డవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను. మన కుటుంబంలో నా తర్వాత ఈ చదువులోకి వస్తున్నది నువ్వే. అంత సంతోషంలోనూ రాత్రి నిద్ర పట్టలేదు. నీకు చెప్పాల్సినవి ఒకటొకటిగా గుర్తొస్తుంటే లేచి కూర్చుని రాస్తున్నాను.

వేరే సీటు రాక ఇందులో చేరిందని ఎవరో ఒకరు అంటారు. అననీ. నువ్వు మాత్రం ఆ మాట మనసులో పెట్టుకోకు. ఓ మెట్టు తక్కువ చదువులోకి వచ్చామనుకుని మొదటి సంవత్సరమంతా ముఖం వేలాడేసుకుని తిరిగినవాళ్లను చూశాను. మట్టి, మొక్క కణం, జన్యువులు, ఇలా పునాది పాఠాలన్నీ ఆ సంవత్సరంలోనే జరిగిపోతాయి. తర్వాత ఆసక్తి పుట్టినా ఆ ఖాళీ పూడ్చుకోవడం కష్టం. రసాయన శాస్త్రం, జన్యుశాస్త్రం, పురుగులు, తెగుళ్లు, నీటి పారుదల, గణాంకాలు, మార్కెట్, మనుషులతో మాట్లాడే నేర్పు అన్నీ ఒకే డిగ్రీలో ఉన్న చదువు ఇది. ఏ సబ్జెక్టుకు ఆ సబ్జెక్టు పరీక్ష రాసి వదిలేస్తే మార్కులు వస్తాయి. పొలంలో ఒక ఆకు పసుపు రంగుకు తిరిగిందంటే మాత్రం అవన్నీ ఒకేసారి కావాలి.

మామూలు సంగతులు నీకు చెప్పక్కర్లేదు: క్లాసులు మానకు, ప్రాక్టికల్ రికార్డు ఏ రోజుది ఆ రోజే రాయి. పొలంలో రాసుకునేది పెన్సిల్‌తో రాయి, వాన చినుకు పడ్డా చెరగదు. టోపీ పెట్టుకో, పాము తిరిగే చోట బూట్లు విప్పకు.

ఒకటి మాత్రం ఆడపిల్లవి కాబట్టి గట్టిగా చెబుతున్నా. ఫీల్డుకు వెళ్లే రోజున, అక్కడ బాత్రూమ్ ఉండదని పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉంటారు అమ్మాయిలు. మేమూ అలాగే చేసేవాళ్లం. ఎండలో కళ్లు తిరిగి పడేవాళ్లు కొందరు, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో బాధపడేవాళ్లు కొందరు. ఏర్పాటు ఎక్కడుందో బస్సు ఎక్కకముందే టీచర్‌ను అడుగు. సిగ్గుపడకు. నువ్వు అడిగితే మిగతావాళ్లూ నీకు తోడొస్తారు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను.

నాతో చదివిన స్నేహితుడు ఒకడుండేవాడు. క్లాసులో ఫస్ట్. పుస్తకంలో ఏది ఏ పేజీలో ఉందో చెప్పేవాడు. చదువు కాగానే ఇద్దరికీ రైతులకు సలహాలిచ్చే ఉద్యోగాలు వచ్చాయి. ఒక రైతు వచ్చి, నాటిన నెలకు వరి అక్కడక్కడా గిడసబారిందని, ఆకులు పసుపు తిరిగాయని చెప్పాడు. మావాడు వెళ్లి గట్టు మీద నిలబడి చూశాడు. ముదురు ఆకులు పసుపు తిరిగితే నత్రజని లోపం. పుస్తకంలో అలాగే ఉంటుంది, అది నిజం కూడా. నత్రజని మొక్కలో కదులుతుంది, చాలకపోతే ముదురు ఆకుల్లోంచి లేత ఆకులకు వెళ్లిపోతుంది, అందుకే ముందు కింది ఆకులు పాలిపోతాయి. యూరియా వెయ్యమన్నాడు. రైతు అప్పు చేసి తెచ్చి వేశాడు. పైరు తేరుకోలేదు. ఇంకో విడత వెయ్యమన్నాడు. ఆ మచ్చలు ఇంకా పెద్దవయ్యాయి.

అప్పుడు నన్ను తోడు రమ్మన్నాడు. మాతో పాటు ప్రయోగ క్షేత్రంలో పనిచేసే పెద్దాయన ఒకాయన వచ్చాడు. మేమిద్దరం గట్టు మీద నిలబడి మాట్లాడుకుంటుంటే ఆయన పంచె ఎగగట్టుకుని బురదలోకి దిగాడు. ఒక దుబ్బును చేత్తో కుదుళ్లతో సహా పెకలించి, కాలవ నీళ్లలో జాడించి మా ముందు పెట్టాడు. వేర్లు నల్లగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన గుడ్డు వాసన. పక్కనే బాగున్న చోట నుంచి ఇంకో దుబ్బు పీకి చూపించాడు: కొత్త వేర్లు తెల్లగా, పాతవి తుప్పు రంగులో ఉన్నాయి. "అక్కడ నీళ్లు ఎన్నాళ్లుగా నిలబడ్డాయో అడిగారా?" అన్నాడు. మేం అడగలేదు.

ఆ పల్లపు చోట్ల నాట్లకు ముందు పచ్చిరొట్ట, అంటే ఎరువుగా మట్టిలో కలిపే పచ్చి మొక్కలు, కలియదున్ని, అది మురగకముందే నాటేశారు. అప్పటి నుంచి నీరు తీయలేదు. నిలవ నీటి కింద మట్టిలో గాలి అయిపోతుంది. పచ్చిరొట్టను తినే సూక్ష్మజీవులు శ్వాసకు ఆక్సిజన్ దొరక్కపోవడంతో నైట్రేటును వాడుకుంటాయి, తర్వాత మాంగనీసును, తర్వాత ఇనుమును, చివరికి సల్ఫేటును. సల్ఫేటు దాకా వచ్చిందంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఆ వాసన దానిదే. వేరు మీద నల్లని పూత ఐరన్ సల్ఫైడ్. వరి తన కాండంలోని గాలి గొట్టాల గుండా వేరు దాకా ఆక్సిజన్ పంపించి చుట్టూ ఇనుమును తుప్పు పట్టిస్తుంది. మంచి వేరుకు ఆ ఎరుపు అందుకే. ఆ శక్తి సరిపోనప్పుడు వేరు దెబ్బతింటుంది, మట్టిలో ఎరువున్నా తీసుకోలేదు. అక్కడ కావలసింది యూరియా కాదు, నీరు తీసేసి మడి సన్నగా నెర్రెలిచ్చేదాకా ఆరగట్టడం. ఖర్చు లేని పని.

చిన్నీ, ఈ పాఠం మాకు క్లాసులో చెప్పిందే. ఈ వరుస మొత్తం మావాడు పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాడు. అది మట్టి సబ్జెక్టు. ఆకు పసుపు తిరగడం ఇంకో సబ్జెక్టు. ఆ రెండూ ఒకే మడిలో ఉంటాయని గట్టు మీద నిలబడ్డప్పుడు తట్టలేదు.

నీరు తీయించాం. కొత్త వేర్లు వచ్చాయి, ఆకులు పచ్చబడ్డాయి. కానీ పిలకలు వేసే సమయం అప్పటికే దాటిపోయింది. పిలక రాకపోతే కంకి ఎక్కడి నుంచి వస్తుంది? రైతు ఒక్క మాట అనలేదు. "మీరు మాత్రం ఏం చేస్తారు సార్" అన్నాడు. ఆ నెల మావాడికి జీతం మామూలుగానే వచ్చింది. పంట పోయినవాడికి మాత్రం మళ్లీ నాటడానికి ఆర్నెల్లు ఆగాలి, అప్పు ఆగదు. స్నేహితుడు ఆ తర్వాత ఉద్యోగం ఉన్నంతకాలం గట్టు మీద నిలబడి ఏ సలహా చెప్పలేదు. నేనూ అంతే.

నా భయం నువ్వు ఫెయిల్ అవుతావని కాదు. నువ్వు చాలా బాగా చదువుతావు, గలగలా మాట్లాడతావు. నీ మాట విని ఒకరు అప్పు చేస్తారు. అందుకే అడుగుతున్నా: ఎవరైనా చేలో లోపం చూపిస్తే ముందు దిగు. ముదురు ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా చూడు. లేత ఆకులు ముందు పాలిపోతే ఇనుమో గంధకమో అయ్యుంటుంది, అవి మొక్కలో నత్రజనిలా కదలవు. ఆకులో ఈనెకూ ఈనెకూ మధ్య పసుపా, ఆకు అంచు ఎండిందా? చేనంతా ఒకేలా ఉందా, మచ్చలు మచ్చలుగా ఉందా, గీత గీసినట్టు వరుసగా ఉందా? తిన్నని గీత కనబడితే అది ఎక్కువసార్లు మనిషి చేతి పనే, మందో ఎరువో ఎక్కువ పడటమో, పడకపోవడమో. తర్వాత తవ్వు, వేరు కడుగు, వాసన చూడు. కలుపు తీసే ఆడవాళ్లను అడుగు. ఆకు అడుగున ఏముందో అందరికంటే ముందు చూసేది వాళ్లే, వాళ్లను ఎవరూ అడగరు. ఇంతా చేసి తెలియకపోతే "నాకు తెలియడం లేదు, మా టీచర్‌ను అడిగి రేపు చెబుతాను" అను. చెప్పి, రేపు తప్పకుండా వెళ్లు.

చిన్నప్పుడు నువ్వు కుండీలో విత్తనాలు వేసి, మొలిచాయో లేదోనని రోజూ పీకి చూసేదానివి. మొక్క చచ్చిపోతుందే అని నేను అరిస్తే ఏడ్చేదానివి. తల్లీ, ఆ అరుపులు వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు పీకి చూడు.

మట్టి నమూనా తీసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప వేసిన చోట తీయకూడదు. చేనంతా వంకరటింకరగా తిరిగి చాలా చోట్ల, పైన చెత్త తుడిచి, ఇంగ్లీషు వి ఆకారంలో దున్నే లోతు దాకా తవ్వి, గోడ వెంబడి పైనుంచి కింద దాకా ఒకే మందంలో మట్టి చెక్కాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ అర కిలోకు తేవాలి. నీడలో ఆరబెట్టాలి. ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా సంచిలో ఉన్న మట్టికే జవాబు చెబుతుంది. బద్ధకించి ఒక్క మూల నుంచి తీస్తే ఆ రిపోర్టు చేనంతటికీ అబద్ధం చెప్పినట్టే.

గణాంకాలంటే అందరికీ టెన్షన్. నాకు మాత్రం డిగ్రీ మొత్తంలో అంత ఇష్టమైన పాఠం లేదు, ఎందుకో చెబుతాను. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే ప్రయోగ క్షేత్రం ఉంది. అక్కడ బ్రాడ్‌బాక్ అనే చేలో 1843లో మొదలుపెట్టిన గోధుమ ప్రయోగం ఇవాళ్టికీ నడుస్తోంది. అక్కడ పోగుపడ్డ లెక్కలు చూడటానికి 1919లో ఫిషర్ అనే గణిత శాస్త్రవేత్తను తీసుకున్నారు. ఆయన ముందున్న చిక్కు ఇది: ఒకే చేలో ఒక పక్క సారం ఎక్కువ, ఇంకో పక్క తక్కువ. కొత్త విత్తనాన్ని సారమున్న పక్క వేసి, పాతదాన్ని ఇంకో పక్క వేస్తే గెలిచింది విత్తనమో మట్టో ఎలా తెలుస్తుంది? అందుకే ఒక్కో రకాన్ని చాలా మళ్లలో వెయ్యాలి, ఏది ఏ మడిలో పడాలో మన ఇష్టంతో కాక చీటీలు తీసినట్టు నిర్ణయించాలి. రెప్లికేషన్, రాండమైజేషన్ అని బోర్డు మీద రాస్తే భయపెట్టే మాటల్లో ఉన్నది ఇంతే. మందుల కంపెనీ వాళ్లు వచ్చి ఒక పచ్చని మడి చూపించి ఇదే మా మహిమ అంటారు. పక్కన ఏమీ వేయని మడి ఎక్కడుందని అడగగలగాలి నువ్వు.

పురుగుల్ని పట్టి, సూదితో గుచ్చి భద్రపరిచే పెట్టె తయారు చేయమంటారు. చివరి వారంలో సీనియర్ల దగ్గర కొనుక్కోకు, నాకు తెలిస్తే మాట్లాడను. పెంకు పురుగుకైతే సూది కుడి రెక్క పెంకులోంచి గుచ్చాలి, నడిమధ్య కాదు. నల్లికి వీపు మీది త్రికోణపు పలకలోంచి గుచ్చాలి. పట్టుకునేటప్పుడే అది ఏం తింటోందో రాసుకో. ఎందుకంటే చేలో కనబడ్డ పురుగల్లా శత్రువు కాదు. వరి దుబ్బుల రసం పీల్చే సుడిదోమ సంగతి చదువుతావు. ఇండోనేషియాలో మందులు కొట్టేకొద్దీ అది పెరిగింది. దోమ గుడ్లు కాండాన్ని చుట్టుకునే ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటే, వాటినీ పిల్లల్నీ తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు బయట మందుకు చచ్చిపోయాయి. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల మందుల్ని నిషేధించాల్సి వచ్చింది. పంటకు మేలు చేసే అక్షింతల పురుగును చూడగానే మందు డబ్బా వైపు చూసేవాళ్లకు ఇది చెప్పు.

మందు దగ్గర నీ విషయంలో నాకు ఇంకా భయం. రెండు నిమిషాల పనే కదా అని గ్లౌజులు లేకుండా కలపకు. గాలికి ఎదురుగా కొట్టకు. మందు కొట్టిన మడిలోకి లేబుల్ మీద చెప్పిన గడువు దాటకుండా వెళ్లకు, ఎంత పెద్ద ప్రొఫెసర్ వెళ్లమన్నా సరే. మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదేవాళ్లను చూస్తావు, చెయ్యి పట్టుకుని ఆపు.

పొలాలకు వెళ్లినప్పుడు "సార్ రాలేదా అమ్మా?" అని అడుగుతారు. నన్నూ అడిగేవాళ్లు. ఉక్రోషంతో సమాధానం చెప్పాలనిపిస్తుంది. చెప్పకు, నేరుగా మడిలోకి దిగు. రెండోసారి వెళ్లేసరికి నీ కోసమే అడుగుతారు.

కాలేజీలో చేరిన రోజే నాకు ఫోన్ చెయ్యి. నా దగ్గరున్న చేతి భూతద్దం నీకు పంపిస్తాను. పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ఆకు అడుగున ఎర్రనల్లి కనబడటానికి అది చాలు. మెడలో వేసుకునే తాడు పాతబడిపోయింది, కొత్తది కట్టుకో. అమ్మకు రోజూ ఒకసారైనా ఫోన్ చెయ్యి, అది చెప్పదు గానీ బెంగ పెట్టుకుంది.

ప్రేమతో,
పెద్దమ్మ