ఎనిమిదేళ్లు కట్టాక క్లెయిమ్ ఇవ్వబోమంటే?

ప్రశ్న: మా అమ్మకు 8 ఏళ్లుగా హెల్త్ ఇన్సూరెన్స్ కడుతున్నాను. ఒక్క ఏడాది కూడా ఆపలేదు. మొదట 3 లక్షలకు తీసుకుని, రెండేళ్ల క్రితం 5 లక్షలకు పెంచాను. గత నెల ఆమెకు గుండెలో స్టెంట్ వేశారు. బిల్లు 2.80 లక్షలు. పాలసీ తీసుకునేనాటికే బీపీ ఉందని, అది దాచామని కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. అప్పట్లో ఫారం ఏజెంటే నింపాడు, నేను సంతకం పెట్టానంతే. ఇక ఈ పాలసీ కట్టడం దండగేనా?

జవాబు: దండగ కాదు. కోపంలో రెన్యువల్ మాత్రం ఆపేయకండి. ఇప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ ఎనిమిదేళ్ల రసీదులే.

పాలసీ తెగకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత పాత జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనడానికి వీల్లేదు. దీన్ని మారటోరియం అంటారు. ఇంతకుముందు 8 ఏళ్లుండేది, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 5 ఏళ్లకు తగ్గించింది. మధ్యలో కంపెనీ మారినా, పోర్ట్ చేసుకుని (పాత పాలసీనే కొత్త కంపెనీకి బదిలీ చేయించుకుని) ఉంటే పాత ఏళ్లూ లెక్కలోకి వస్తాయి. మినహాయింపు ఒక్కటే, మోసం. అదీ అనుమానిస్తే చాలదు, కంపెనీ రుజువు చేయాలి. పెంచిన 2 లక్షలకు మాత్రం ఈ 60 నెలల లెక్క, పాలసీ మొత్తం పెంచిన రోజు నుంచే మొదలవుతుంది. మీ బిల్లు మొదటి 3 లక్షల్లోపే ఉంది కాబట్టి ఆ చిక్కు మీకు లేదు.

ఇంతకీ బీపీ సంగతి వాళ్లకెలా తెలిసింది? డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి. ఇలాంటి కేసుల్లో చాలావాటికి మూలం అందులో ఒక్క లైను: ‘పదేళ్లుగా బీపీ’. అడ్మిషన్ హడావిడిలో డ్యూటీ డాక్టర్ అడుగుతారు, పక్కనున్నవాళ్లు ‘ఆ, చాన్నాళ్ల నుంచే ఉందండీ’ అంటారు, అది పదేళ్లయి కూర్చుంటుంది. నిజంగా అంతకాలం లేకపోతే, చికిత్స చేసిన డాక్టరు దగ్గర సవరణ లేఖ తీసుకోండి. నిజంగానే ఉంటే దిద్దించే ప్రయత్నం చేయకండి, అప్పుడే అసలైన మోసం ఆరోపణ మీద పడుతుంది. ఏజెంట్ మీద నెపం వేసే వాదన కూడా నాకంత నచ్చదు. సంతకం మీదే కదా. మారటోరియం ఉండగా దానితో పనేముంది?

ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పాలసీ మొదలైన తేదీ, ప్రతి రెన్యువల్ కాపీ, తిరస్కరణ లేఖ జత చేయండి. క్లెయిమ్ తిరస్కరించాలంటే కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలి, అది ఉందా అని కూడా అడగండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్ ఆఫీసే. ఫీజు లేదు. లాయరునూ అనుమతించరు (మా వృత్తికి నష్టమే అనుకోండి!). 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

కన్స్యూమర్ కమిషన్‌కు రెండేళ్ల గడువుంది. కానీ అక్కడ కేసు వేశాక అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. అందుకని వరస తప్పకండి. అంబుడ్స్‌మన్ ఇచ్చిన అవార్డుకు (తీర్పుకు) కంపెనీ కట్టుబడాల్సిందే. మీకు నచ్చకపోతే మాత్రం కన్స్యూమర్ కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది, మీరున్న జిల్లాలోనే వేసుకోవచ్చు.