ఓపీలో కూర్చున్న కొత్త మిడ్‌వైఫ్‌కి

అమ్మాయ్,

పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ కోర్సు ముగించి డ్యూటీలో చేరావని తెలిసి సంతోషం. గర్భిణులు ఇంట్లో వాడే కషాయాలు, పొడుల గురించి వాళ్లకేం చెప్పాలో తోచట్లేదని రాశావు. చెప్పడం తర్వాత, ముందు అడగడం చూడు.

"మందులేమైనా వాడుతున్నావా?" అంటే "లేదు మేడం" అంటారు. వాళ్ల లెక్కలో కషాయం మందు కాదు. "అత్తయ్య ఏమైనా కాచి ఇస్తోందా? నాటుమందు తెచ్చుకున్నారా?" అని అడుగు. అప్పుడు సంచిలోంచి న్యూస్‌పేపర్ పొట్లం బయటికొస్తుంది. దాన్ని చూసి మొహం చిట్లించావంటే మళ్లీ నీకు చూపించరు. ఏముందో తెలియని పొడి ఆపించు. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి. ఏం వాడుతోందో కేస్‌షీట్‌లో రాసి డాక్టర్‌కి చూపించు.

అన్నిటికీ వద్దనకు. వేవిళ్లకు అల్లం వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. కానీ మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోతే ఇంకా అల్లంతో కాలక్షేపం చేయొద్దు, సెలైన్ ఎక్కించాల్సిందే. దగ్గుకని అతిమధురం అదేపనిగా నమిలేవాళ్లకు బీపీ పెరగొచ్చు. కుంకుమ పువ్వు పాలతో బిడ్డ తెల్లగా పుట్టదని చెప్పు, పాలు మాత్రం మానొద్దను.

నాకు ఎక్కువ భయం ఆముదంతో. నెలలు నిండగానే నొప్పులు రావాలని తాగిస్తారు. వాంతులు, విరేచనాలతో నీరసించి, కాన్పుకి ఓపిక లేకుండా వస్తుంది ఆ గర్భిణి. దీని గురించి ఆమెకు చెప్పి లాభం లేదు, గ్లాసు పట్టుకొచ్చే అత్తగారిని కూర్చోబెట్టి మాట్లాడు. మర్దన విషయంలో అదే పెద్దావిడ నీకు సాయం. నొప్పులప్పుడు నడుము రుద్దమని, గోరువెచ్చటి కాపడం పెట్టమని ఆమెకే అప్పజెప్పు. పొట్ట నొక్కి బిడ్డను తిప్పడం మాత్రం ఎవరినీ చేయనివ్వకు. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే అక్కడ నూనె పెట్టి రుద్దనివ్వకు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

ఇంకోటి, బీట్‌రూట్ జ్యూస్ తాగుతున్నాం కదా అని ఐరన్ మాత్రలు పక్కన పడేస్తారు. జ్యూస్ తాగనీ, 180 రోజుల మాత్రలూ మింగాలి, టీతో కాకుండా.

ఏడో నెల దాటినావిడ తలనొప్పని నుదుటిన శొంఠి పట్టుతో వస్తే, పట్టు గురించి తర్వాత మాట్లాడొచ్చు. ఆ తలనొప్పి బీపీ పెరిగినందువల్ల కావచ్చు. ముందు బీపీ చూడు, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూడు, కళ్లు మసకబారుతున్నాయా అని అడుగు.

ఉంటాను,
మీ పెద్ద సిస్టర్