సౌర జ్వాలకీ (సోలార్ ఫ్లేర్) అయస్కాంతానికీ లింకేంటి?
"సూర్యుడు మండే వాయుగోళమే కదా, ఫ్లేర్‌కి మధ్యలో అయస్కాంతం ఎందుకు?" అని అడిగారు. తిరకాసంతా ఆ 'మండే'లోనే ఉందండీ. అక్కడ ఉన్నది మంట కాదు, ప్లాస్మా, అంటే విపరీతమైన వేడికి విద్యుదావేశ కణాలుగా విడిపోయిన వాయువు. అది ఎటు కదిలితే అయస్కాంత రేఖలూ అటే పోతాయి. సూర్యుడి నడుము సుమారు 25 రోజులకో చుట్టు తిరుగుతుంది, ధ్రువాల దగ్గర దాదాపు 35 పడుతుంది. దాంతో రేఖలు మెలిపడతాయి. రబ్బరు బ్యాండుని వేళ్లతో మెలిపెడుతూ పోతే ముడులు పడి బిగుసుకుంటుందే, అలాగ. సూర్యుడి మీద కనిపించే నల్లటి మచ్చల పైన ఎదురెదురు దిశల రేఖలు బాగా దగ్గరైతే తెగి, వేరే జతలుగా అతుక్కుంటాయి. (రబ్బరు అతుక్కోదు, పోలిక అంతవరకే!) దాగిన శక్తి నిమిషాల్లో వేడిగా, ఎక్స్ కిరణాలుగా బయటపడుతుంది. 2024 మేలో ఏఆర్ 3664 అనే మచ్చల గుంపు ఇలాగే వరసగా పేలింది. మే 14 నాటి ఫ్లేర్ తీవ్రత ఎక్స్8.7 (ఫ్లేర్లలో అన్నిటికన్నా తీవ్రమైన తరగతి 'ఎక్స్'). శ్రీహరికోట నుంచి వెళ్లిన మన సూర్య పరిశోధక నౌక ఆదిత్య-ఎల్1 కూడా ఆ వారం ఫ్లేర్లను నమోదు చేసింది.